రెండు గన్నవరాలు: చదువుతూ పనిచేసిన ఇంజనీర్ల కథ

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్ వల్ల పుట్టింది.

పోయిన నెల ఒకరోజు రాత్రి పదకొండింటికి మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. రాజోలు దగ్గర మా పక్క ఊరే వాళ్ళది. ఇంటర్ ఎంపీసీ ఇప్పుడే అయ్యింది. "అక్కా, ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో సెలెక్ట్ అయ్యాను. ముందు ట్రైనింగ్, తర్వాత ఉద్యోగం, పక్కన డిగ్రీ కూడా వాళ్ళే చదివిస్తారంట. నాన్న సంతకం పెట్టాలి. పెట్టనంటున్నాడు" అన్నాడు.

వెనకాల నుంచి బాబాయి గొంతు వినిపిస్తోంది. "కాలేజీకెళ్తే ఇంజనీరవుతాడు. ఇప్పుడే పనిలోకెళ్తే పనోడవుతాడు. నువ్వైనా చెప్పమ్మా ఆడికి."

నేను ఏమీ చెప్పలేకపోయాను. ఎందుకంటే నేను బీటెక్ చివరి సంవత్సరంలో చదువుకుంటూ కంపెనీలో పనిచేశాను. అందులో నాకు దొరికిన మంచీ ఉంది, మా నాన్న కట్టిన డబ్బూ ఉంది. అది చివర్లో చెప్తాను. ముందు బాబాయి మాట తీసుకుందాం. చదివినవాడు ఇంజనీరు, పనిలో నేర్చుకున్నవాడు పనోడు. ఈ గీత ఎవరు గీశారు? ఎప్పుడు గీశారు? దీనికి సమాధానం మన కోనసీమ కాలవల్లోనే ఉంది.

మనకి రెండు గన్నవరాలు తెలుసు. ఒకటి మన పి.గన్నవరం. అంబాజీపేట మీదుగా రాజోలు వెళ్ళే వాళ్ళందరూ అక్కడ వైనతేయ గోదావరి మీద అక్విడక్టు దాటే ఉంటారు. కింద నది, పైన కాలవ. పాతది 19వ శతాబ్దం మధ్యలో కట్టింది, పక్కనే కొత్తది డొక్కా సీతమ్మ గారి పేరు మీద ఉంది. రెండో గన్నవరం విజయవాడ ఎయిర్‌పోర్టు దగ్గరిది. అక్కడ కేసరపల్లిలో హెచ్‌సీఎల్ క్యాంపస్ ఉంది. ఇంటర్ అయిన పిల్లల్ని తీసుకుని, పని నేర్పి, డిగ్రీ చదివించే ప్రోగ్రామ్ ఉన్న కంపెనీల్లో అదొకటి. ఈ రెండు గన్నవరాలకీ మధ్య నూట డెబ్భై ఏళ్ళ దూరం ఉంది. కథ మాత్రం ఒకటే.

1794కి వెళ్దాం. మద్రాసులో ఈస్టిండియా కంపెనీకి మైకేల్ టాపింగ్ అని ఒక సర్వేయర్ ఉండేవాడు. సముద్ర తీరం కొలవాలి, నదులు కొలవాలి, భూములు కొలవాలి. కృష్ణా, గోదావరి నీళ్ళని పొలాలకి మళ్ళించొచ్చా అని మన వైపు సర్వే చేసింది కూడా ఆయనే. పని కొండంత, చేసేవాళ్ళు లేరు. ఇంగ్లండ్ నుంచి మనుషుల్ని రప్పిస్తే ఖర్చు. అందుకని మద్రాసులో ఒక సర్వే స్కూల్ పెట్టారు. మొదటి బ్యాచ్ ఎంతమందో తెలుసా? ఎనిమిది మంది. సైనికుల అనాథ పిల్లల్ని పెంచే ఆశ్రమం నుంచి తెచ్చిన కుర్రాళ్ళు. లెక్కలు నేర్పి, కొలతలు నేర్పి, సర్వేయర్లకి అసిస్టెంట్లుగా తయారు చెయ్యడం ప్లాన్.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. ఒకటి, యూరప్ బయట ఆధునిక టెక్నికల్ స్కూళ్ళలో అత్యంత పాతవాటిలో ఇదొకటి. ఇదే పెరిగి పెరిగి 1850ల చివర్లో ఇంజనీరింగ్ కాలేజీ అయ్యింది, 1920లో గిండీకి మారింది. ఇప్పుడు అన్నా యూనివర్సిటీలో ఉన్న గిండీ ఇంజనీరింగ్ కాలేజీ మూలం ఆ ఎనిమిది మంది పిల్లలే. అంటే దక్షిణాదిలో ఇంజనీరింగ్ చదువు డిగ్రీతో మొదలవ్వలేదు, అప్రెంటిస్ పద్ధతితో మొదలైంది. రెండోది, ఆ పిల్లల తరఫున అడిగేవాళ్ళు ఎవరూ లేరు. అమ్మానాన్నా లేరు. వాళ్ళు తక్కువ ఖర్చుతో దొరికిన చేతులు. మంచీ, చెడూ రెండూ మొదటి రోజు నుంచే కలిసి ఉన్నాయన్నమాట. టాపింగ్ మాత్రం ఎక్కువకాలం లేడు. 1796లో మచిలీపట్నంలో చనిపోయాడు. గోదావరి అలాగే సముద్రంలోకి పోతూ ఉంది.

తర్వాత వచ్చాడు మన కాటన్ దొర. విగ్రహం లేని ఊరు మన వైపు కష్టం కదా. కానీ ఆర్థర్ కాటన్‌కి ఇంజనీరింగ్ డిగ్రీ లేదని ఎంతమందికి తెలుసు? 1803లో పుట్టాడు. ఈస్టిండియా కంపెనీ వాళ్ళ ఆడిస్కోంబ్ సైనిక స్కూల్లో కొంతకాలం చదివాడు. 1820లో, ఇంకా పదిహేడు కూడా నిండకముందే, వేల్స్‌లో సర్వే పనిలోకి వెళ్ళాడు. మన తమ్ముడి వయసు అది. 1821లో మద్రాసు వచ్చి, ఆ తర్వాతి ఏడాది చెరువుల శాఖలో అసిస్టెంట్‌గా చేరాడు.

ఆయనకి అసలు క్లాస్‌రూమ్ కావేరి. అక్కడ చోళుల కాలం నాటి కల్లణై ఉంది. ఇసుకలో రాయి వేస్తే దిగిపోతుంది కదా, మరి ఇసుక నది మీద కట్ట ఎలా నిలబడింది? దిగిపోయిన రాళ్ళ మీద మళ్ళీ రాళ్ళు వేసుకుంటూ పోతే ఒక చోట ఆగుతుంది, అదే పునాది అవుతుంది. ఈ కిటుకు పాత మన దేశపు ఇంజనీర్ల దగ్గర నేర్చుకున్నానని కాటన్ స్వయంగా రాసుకున్నాడు. ఆ పాఠమే ఆయన మన గోదావరికి తెచ్చాడు.

అప్పటికి మన జిల్లా పరిస్థితి ఏంటి? 1821లో రాజమండ్రి జిల్లా జనాభా 7 లక్షల 38 వేలు. 1841కి 5 లక్షల 61 వేలు. ఇరవై ఏళ్ళలో జనాభా పెరగాలి కదా, తగ్గింది. కరువులు, వరదలు, తుపాన్లు, వలసలు. ఇప్పుడు మనం పచ్చదనం చూపించి రీల్స్ తీసే నేల అప్పుడు మనుషులు వదిలేసి పోయిన నేల.

1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలైంది, 1852కి పూర్తయింది. అంత పెద్ద పనికి యూనివర్సిటీలో చదివిన ఇంజనీర్లు ఎంతమంది ఉన్నారు మన దగ్గర? మద్రాసు యూనివర్సిటీ పెట్టిందే 1857లో! అంటే ఆనకట్ట కట్టేసిన ఐదేళ్ళకి. డిగ్రీ అనేదే లేదు. మరి కూలీల్ని పోగేసింది, రాయి తెప్పించింది, మనుషుల్ని నడిపించింది ఎవరు? వీణం వీరన్న లాంటి వాళ్ళు. కాటన్‌కి కుడిభుజంలా పనిచేసిన మన తెలుగు ఇంజనీరు ఆయన. ఏ కాలేజీ పట్టా చూపించి ఆ పేరు తెచ్చుకోలేదు. పనిలో నేర్చుకున్నాడు, పనిలో నిలబడ్డాడు. పి.గన్నవరం అక్విడక్టు దాటేటప్పుడు ఈసారి ఒక్క నిమిషం ఆగి చూడండి. బాబాయి లెక్క ప్రకారం అయితే అది "పనోళ్ళు" కట్టిందే.

సరే, ఇంత వరకు వింటే "అయితే సంతకం పెట్టేయొచ్చు కదా" అనిపిస్తుంది. ఆగండి. సరిగ్గా మన ఆనకట్ట కడుతున్న రోజుల్లోనే ఇంకో కాగితం తయారైంది.

1850. ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం అప్రెంటిస్ చట్టం తెచ్చింది. ముఖ్యంగా అనాథ పిల్లలు, పేద పిల్లలు ఒక పని నేర్చుకుని బతుకుతారని. పదేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్ని ఒక యజమాని దగ్గర ఏడేళ్ళ దాకా కట్టిపడేయొచ్చు. సంతకం ఎవరిది? తండ్రిది, లేదా సంరక్షకుడిది. యజమాని తిండి పెట్టాలి, పని నేర్పాలి. నేర్పకపోయినా, హింసించినా మేజిస్ట్రేటుకి ఫిర్యాదు చేసుకోవచ్చు. పదేళ్ళ అనాథ పిల్లాడు మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళి ఫిర్యాదు చెయ్యడం అనేది ఎంత జరిగే పనో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు మన తమ్ముడి చేతిలో ఉన్న కాగితం ఈ కాగితానికి మునిమనవడు. తండ్రి సంతకం అక్కడిదే.

తర్వాత కాలేజీలు వచ్చాయి. మన తెలుగు నేల మీద 1946లో విశాఖపట్నంలో పుట్టి కాకినాడకి వచ్చిన ఇంజనీరింగ్ కాలేజీయే ఇవాళ్టి జేఎన్‌టీయూ కాకినాడ. కోనసీమ కుర్రాళ్ళకి అదొక కల. యానాం ఎదుర్లంక వారధి 2002లో వచ్చే దాకా గౌతమి దాటాలంటే అక్కడ పంటే కదా. అలా పంటు ఎక్కి వెళ్ళి ఇంజనీరై వచ్చినవాడిని ఊరంతా చూసింది. ఆ గీత అప్పుడే గట్టిపడింది. గోదావరి దాటి వెళ్ళి చదివినవాడు ఇంజనీరు. ఊళ్ళో మోటారు బాగుచేసేవాడు పనోడు. బాబాయి తప్పేం లేదు, ఆయన చూసిందే ఆయన చెప్తున్నాడు.

కానీ కాలేజీలో చదివినవాడికి పని రాదు అనే గొడవ అప్పటికే ప్రపంచమంతా ఉంది. అమెరికాలో సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ అనే ప్రొఫెసర్ 1906లో ఒక ప్రయోగం చేశాడు. 27 మంది స్టూడెంట్లు. కొన్నాళ్ళు క్లాసు, కొన్నాళ్ళు ఫ్యాక్టరీ, మళ్ళీ క్లాసు. దాన్నే కో-ఆప్ అంటారు. 1957లో కెనడాలో వాటర్‌లూ యూనివర్సిటీ ఏకంగా ఈ పద్ధతి మీదే మొదలైంది. ఇవాళ మన తెలుగు పిల్లలు లక్షలు కట్టి అక్కడికి వెళ్ళేది ఆ కో-ఆప్ కోసమే. ఇక్కడ ఇంటర్ తర్వాత పనిలోకెళ్తే నామోషీ, కెనడాలో చదువుతూ పనిచేస్తే గొప్ప. ఆయ్, మన లెక్కలు అలా ఉంటాయి మరి.

మన దేశంలో 1961లో కొత్త అప్రెంటిస్ చట్టం వచ్చింది. మొదట్లో అది ఐటీఐ లాంటి పనులు నేర్చుకునే వాళ్ళకే. 1973లో సవరించి ఇంజనీరింగ్ గ్రాడ్యుయేట్లనీ, డిప్లొమా వాళ్ళనీ కలిపారు. అంటే డిగ్రీ అయినవాడికి కూడా పని నేర్పాల్సిందే అని చట్టమే ఒప్పుకుంది. అదే 1973లో బిట్స్ పిలానీ ప్రాక్టీస్ స్కూల్ మొదలుపెట్టింది. చదువు మధ్యలో నెలల తరబడి కంపెనీలో పని, దానికి మార్కులు.

సాఫ్ట్‌వేర్‌లో ఇది 1995లో గట్టిగా కనపడింది. విప్రో వాళ్ళు బీఎస్సీ అయిన పిల్లల్ని ఉద్యోగంలోకి తీసుకుని, బిట్స్ పిలానీతో కలిసి ఎంఎస్ చదివించడం మొదలుపెట్టారు. వారమంతా ఆఫీసు, వారాంతం క్లాసులు. ఇంజనీరింగ్ సీటు కొనలేని ఎంతోమంది మధ్యతరగతి ఇళ్ళకి అదొక దారి. 2017లో హెచ్‌సీఎల్ ఇంకో మెట్టు కిందకి దిగి ఇంటర్ పిల్లల కోసం టెక్‌బీ పెట్టింది. 2020లో యూజీసీ డిగ్రీలోనే అప్రెంటిస్‌షిప్ కలుపుకోవచ్చని మార్గదర్శకాలు ఇచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో చేరిన బ్యాచ్ నుంచి డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. అంటే 1794లో మొదలైన చోటికే చక్రం తిరిగి వచ్చింది.

ఇప్పుడు నా కథ.

మా కాలేజీ కోనసీమలోదే. ఫోర్త్ ఇయర్ సెకండ్ సెమిస్టర్‌లో హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ట్రైనీగా దొరికింది. సఖినేటిపల్లిలో పంటు ఎక్కి, నరసాపురంలో రైలెక్కి వెళ్ళాను. చదువు ఇక్కడ, పని అక్కడ. 75 శాతం అటెండెన్స్ కోసం నెలలో రెండుసార్లు అదే రైలు, అదే పంటు. లాప్‌టాప్ బ్యాగు గుండెలకి హత్తుకుని, పంటు మీద ఆపరేటింగ్ సిస్టమ్స్ పుస్తకం చదివేదాన్ని. ఆ సబ్జెక్టు నాకు బ్యాక్‌లాగ్ లెండి.

అందులో డెడ్‌లాక్ అని ఒక చాప్టర్ ఉంటుంది. నాలుగు కండిషన్లు బట్టీ పట్టి రాయడమే. ఒకరోజు ఆఫీసులో జీతాల రిపోర్టు ఆగిపోయింది. రెండు ప్రోగ్రాములు ఒకదాని కోసం ఒకటి కాచుకుని కూర్చున్నాయి. నువ్వు ముందు వదులు అంటే నువ్వు ముందు వదులు అని. మా సీనియర్ పక్కన కూర్చోబెట్టుకుని లాగ్ చూపించాడు. "ఇద్దరూ టేబుల్స్‌ని ఒకే వరసలో పట్టుకుంటే ఈ గొడవ ఉండదు, నువ్వే మార్చు" అన్నాడు. మూడు గంటలు పట్టింది నాకు. రాసింది నాలుగు లైన్లు. ఆ చాప్టర్ నాకు ఆ రోజు అర్థమైంది. బ్యాక్‌లాగ్ పరీక్షలో ఆ ప్రశ్న వస్తే నవ్వుకుంటూ రాశాను. ఇది మంచి.

ఇప్పుడు రెండోది. స్టైపెండ్ నెలకి 8,000 అన్నారు, నోటి మాట. మొదటి రెండు నెలలు ట్రైనింగ్ కాబట్టి లేదన్నారు. చేరిన రోజే నా టెన్త్ మెమో, ఇంటర్ మెమో ఒరిజినల్స్ తీసుకున్నారు. ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. నేను చదవలేదు. నిజంగా చదవలేదండి. ఐదు పేజీలు, ఇంగ్లీషు, వెనకాల లైన్లో ఇంకో పదిమంది నిలబడ్డారు. అందరూ పెడుతున్నారు, నేనూ పెట్టాను.

ఫైనల్ పరీక్షలకి వెళ్తానంటే అప్పుడు చూపించారు. రెండేళ్ళ లోపు మానేస్తే 50,000 కట్టాలి. పరీక్షలకి నెల సెలవు అంటే మానేసినట్టే అట. మెమోలు ఇవ్వం అన్నారు. మా నాన్న ఆ వారం కొబ్బరికాయల దింపు పెట్టుకున్నాడు. దింపు ఆపేసి హైదరాబాద్ వచ్చాడు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఆ ఆఫీసు రిసెప్షన్‌లో సోఫా అంచున కూర్చున్నాడు, చేతిలో సంచి పట్టుకుని. చివరికి 20,000 కి తెగింది. బయటికొచ్చాక నన్ను ఒక్క మాట అనలేదు. మెమోలు సంచిలో పెట్టి, "పంటు ఆఖరిది ఎన్నింటికి?" అని అడిగాడు. అంతే.

అందుకే ఆ రాత్రి బాబాయికి వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. పని నేర్చుకోవడం తప్పు అని నేను అనలేను. నాకు డెడ్‌లాక్ నేర్పింది అదే. కాగితం చదవకుండా వెళ్ళడమే తప్పు. ఇంత చరిత్ర తవ్వాక నాకు అర్థమైంది ఇది. అప్రెంటిస్‌కీ, చవక చేతులకీ తేడా పనిలో ఉండదు. ఇద్దరూ అదే పని చేస్తారు. తేడా కాగితంలో ఉంటుంది. నేర్పే బాధ్యత ఎవరిదో అందులో రాసి ఉందా లేదా అన్నదే తేడా.

కాబట్టి తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ దాకా ఇలాంటి ఆఫర్ వస్తే ఇవి చూడండి.

ముందు, ఇది అప్రెంటిస్ చట్టం కిందకి వస్తుందా, కంపెనీ సొంత ప్రోగ్రామా? చట్టం కింద అయితే కాంట్రాక్టు రిజిస్టర్ అవ్వాలి, స్టైపెండ్ తప్పనిసరి. 2019 సవరణలో డిగ్రీ అయిన అప్రెంటిస్‌కి కనీసం నెలకి 9,000, డిప్లొమా వాళ్ళకి 8,000 పెట్టారు. చేరే ముందు ఇప్పటి రేటు పోర్టల్‌లో చూసుకోండి. ఇంకో సంగతి, ఈ చట్టం ప్రకారం అప్రెంటిస్ అంటే నేర్చుకునేవాడు, కార్మికుడు కాదు. ట్రైనింగ్ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని లేదు, కాంట్రాక్టులో రాసుకుంటే తప్ప. ఇక కంపెనీ సొంత ప్రోగ్రామ్ అయితే మీకున్న రక్షణ చాలావరకు ఆ కాగితంలో రాసినంతే. నోటి మాటకి విలువ లేదు.

రెండోది, డిగ్రీ. ఏ యూనివర్సిటీ, ఏ కోర్సు, ఫీజు ఎవరు కడతారు, మధ్యలో కంపెనీ మానేస్తే ఆ డిగ్రీ కొనసాగించొచ్చా? పరీక్షలకి సెలవు ఎన్ని రోజులు? ఇది రాసి లేకపోతే రాయించుకోండి.

మూడోది, మానేస్తే ఏంటి? ఎంత కట్టాలి, ఎన్నాళ్ళకి తగ్గుతుంది? ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం చేతికివ్వకండి. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, ఇంటికి తెచ్చుకోండి. కాలేజీలే ఒరిజినల్స్ పట్టుకోకూడదని యూజీసీ చెప్పింది, కంపెనీకెందుకండి?

నాలుగోది, అందరూ మర్చిపోయేది. మీకు నేర్పేది ఎవరు? పక్కన కూర్చోబెట్టుకుని లాగ్ చూపించే మనిషి ఉన్నాడా? ఇప్పటికే అక్కడ చేరిన సీనియర్లని పట్టుకుని అడగండి. ఏడాదిలో నువ్వు రాసిన కోడ్ ఎవరైనా చదివి తప్పులు చెప్పారా అని. లేదంటే, అది బడి కాదు.

మొన్న ఆదివారం ఊరెళ్ళాను. బాబాయి, తమ్ముడు, నేను అరుగు మీద కూర్చుని ఆ కాగితం మొత్తం చదివాం. తొమ్మిది పేజీలు. నేను తెలుగులో చెప్తుంటే బాబాయి ఒక్కో పేజీకీ ప్రశ్నలేశాడు. నిజం చెప్పాలంటే నాకంటే మంచి ప్రశ్నలు. కౌలు కాగితాలు చదివిన మనిషి కదా. స్టైపెండ్ రాసి ఉంది. ఒరిజినల్స్ అడగలేదు. కానీ డిగ్రీ ఏ యూనివర్సిటీదో ఎక్కడా లేదు, పరీక్షల సెలవు గురించి ఒక్క మాట లేదు. "ఇయి రాసిస్తే పెడతాను" అన్నాడు బాబాయి. పనోడు, ఇంజనీరు అనే మాట ఆ రోజు మళ్ళీ ఎత్తలేదు.

తమ్ముడు అక్కడే కూర్చుని కంపెనీకి మెయిల్ రాశాడు. తన జీవితంలో మొదటి ఆఫీసు మెయిల్ అది. ఇది రికార్డ్ చేసే సమయానికి రిప్లై ఇంకా రాలేదు. వస్తే వచ్చే ఎపిసోడ్‌లో చెప్తాను.

మీ ఇంట్లో ఇలాంటి కాగితం ఉంటే ఈ రాత్రికి ఒకసారి తీసి చదవండి. ఉంటానండి.